ఇటుకల పండగలో పట్టిన జ్వరం

నా రెండు మణికట్ల మీదా తాడు ఒరుసుకుపోయిన మచ్చలున్నాయి. బళ్లో కొత్తగా చేరిన పిల్లలు "టీచరమ్మా, ఇదేటి?" అని అడుగుతారు. దొంగతనం చేస్తే కట్టేశారని చెబుతాను. నవ్వేసి ఊరుకుంటారు. నిజం రాయమని మిషన్ ఆస్పత్రి నర్సు కరుణమ్మ చాలాకాలంగా నా వెంటబడుతోంది. జ్వరం మనిషిని మోసుకొచ్చి వరండాలో కూర్చున్నవాళ్లకు చదివి వినిపిస్తుందట. సరే, రాస్తున్నాను. ఏళ్లు గడిచినా కొన్నిచోట్ల కలం కాగితాన్ని చించేస్తోంది. అంత కోపం.

ఇందులో సగం నాకు గుర్తులేదు. నా భర్త దానియేలు, మా అత్త, కరుణమ్మ చెప్పినవి కలిపి రాస్తున్నాను. వాళ్ల మాటలు కలవని చోట నాకు నచ్చినట్టు రాసుకుంటాను. దెబ్బలు తిన్నది నేను కాబట్టి ఆ మాత్రం హక్కు ఉందనుకుంటున్నాను.

ఏప్రిల్, 2004

మాది ముంచింగిపుట్టు పైన, ఒడిశా సరిహద్దు దగ్గర కొండ మీద ఊరు. నేను అక్కడి బడిపంతులమ్మని. పేరు సువార్త. ఆ నెల మొదట్లో చలిజ్వరం వచ్చింది, మాత్రలు వేసుకుంటే తగ్గింది. మా ఊళ్లో మాత్ర వాడే తీరు ఒకటుంది. వణుకు ఆగేదాకా మింగుతారు, ఆగాక మిగిలినవి చూరులో దోపుతారు. పక్కింట్లో ఎవరికైనా చలి పట్టుకుంటే అవి తీసి ఇస్తారు. అడిగితే లేదనడం మా దగ్గర తప్పు. నా మాత్రలు కూడా అలాగే పక్కింటికి వెళ్లాయి. ఒంట్లో జ్వరం మాత్రం నా దగ్గరే ఉండిపోయిందని అప్పుడు తెలియలేదు.

ఈలోపు మా కొండల్లో చైత్రమాసాన చేసే వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగ రోజుల్లో మగాళ్లంతా వేటకి అడవికి పోతారు. ఏమీ కొట్టకుండా ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, తిట్టి, ఊళ్లోకి రానివ్వరు. మగాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర కట్టి, పాటలు పాడుతూ బళ్లు ఆపుతాం. ఏదో ఒకటి ఇస్తేనే కర్ర లేస్తుంది. మేము క్రైస్తవులం, మా పాస్టరుగారికి ఈ పండగంటే గిట్టదు. అయినా దానియేలు వేటకెళ్లాడు, నేను కర్ర దగ్గరికి వెళ్లాను. ఆదివారం నాడు క్షమించమని అడగొచ్చులే అనుకున్నాం.

పొద్దుటి నుంచి తల పగిలిపోతోంది. ఎండ కళ్లల్లోంచి పళ్లల్లోకి దిగుతున్నట్టుంది. పాట పాడుతున్నవాళ్ల నోళ్లు కదులుతున్నాయి గానీ మాట అర్థం కావడంలేదు. అంతలో తెల్లజీపు ఒకటి వచ్చి ఆగింది. దాని నెత్తిమీద పెద్ద గొడుగు తిరగేసి కట్టినట్టు ఒక డిష్షు ఉంది. డ్రైవరు దిగి నవ్వుతూ చేతులు జోడించాడు.

"అమ్మల్లారా, ఆస్పత్రి బండిది. బేగి వదిలీండి, మీకే పనికొస్తాది" అన్నాడు.

నాకు గుర్తున్న ఆఖరి మాట అదే. ఆ మనిషి నా పిల్లను ఎత్తుకుపోవడానికి వచ్చాడని నాకెందుకో గట్టిగా అనిపించింది. రోడ్డు పక్కనుంచి రాయి తీసి కొట్టాను. మొదటి రాయికి అద్దం పగిలింది. రెండో రాయికి అతని నుదురు చిట్లింది. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారట. పండగలో బురద చల్లుకోవడం, తోసుకోవడం మామూలే. టీచరమ్మకి కల్లు బాగా ఎక్కిందని అనుకున్నారు. నేను డ్రైవరు మీద పడి భుజం కొరికి వదలకపోతే అప్పుడు లాగారు.

ఆ జీపులో కరుణమ్మ ఉంది. నా కళ్లు చూసిందట. "ఎర్రగా తిరిగిపోతన్నాయి. జీలుగు కల్లు తాగీసింది కాబోలనుకున్నాను. పండగ కాకపోతే జ్వరమని అప్పుడే పట్టీసేదాన్ని" అని ఇప్పటికీ బాధపడుతుంది. ఎవరో కర్ర లేపారు, జీపు వెళ్లిపోయింది. నా జ్వరమేమిటో చెప్పగలిగిన యంత్రం, మందిచ్చే నర్సు నా కళ్లముందు నుంచే వెళ్లిపోయాయి. తరిమింది నేనే.

ఆ తర్వాత జరిగింది ఎవరూ నాకు చాలా రోజులు చెప్పలేదు. నేను ఇంటికి పరిగెత్తాను. అరుగు మీద మా అత్త బుద్రి, ఆమె ఒళ్లో నా కూతురు గ్రేసి ఉన్నారు. గ్రేసికి అప్పటికి నడక వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పిల్లను లాక్కున్నాను. "గుంటని ఇయ్యవే, ఏటి సేత్తన్నావే" అని అత్త నా చేతులు పట్టుకుంది. నేను పిల్లను ఎడమ ముంజేయి పట్టి విసిరానట. అరుగు అంచుకి తగిలి ఎముక విరిగింది. ఆ చప్పుడు అత్తకి వినబడింది. నాకు వినబడలేదు. ఆ చప్పుడు గుర్తులేనందుకు సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వేటకెళ్లిన మగాళ్లు సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. తిట్లకి సిద్ధపడే వచ్చారు. పేడనీళ్ల కుండలు ఉన్నాయి గానీ ఎవరూ చల్లలేదు. అప్పుడే ఊళ్లో ఏదో ఘోరం జరిగిందని తెలిసిందని దానియేలు చెబుతాడు.

ఆ వారమే, ఇంటి నడిమి గుంజ దగ్గర

నా రెండు చేతుల్నీ పశువుల తాడుతో గుంజకి కట్టారు. అత్త కబురు పంపితే దెయ్యాలు వదిలించే గురువు వచ్చాడు. ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసి ముఖం దగ్గర పెట్టాడు. చింతబరికెతో కాళ్ల మీద, వీపు మీద కొట్టాడు. పేరు చెప్పమంటాడు. నేను సువార్త అంటాను. అబద్ధమని మళ్లీ కొడతాడు. మధ్యలో నాకు తెలివి వచ్చి పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా పక్కగదిలో గ్రేసి ఏడుపు వినబడేది. పిల్ల ఎందుకేడుస్తోందని అడిగాను. ఎవరూ చెప్పలేదు. గురువు చెయ్యి అందుబాటులోకి వస్తే కొరికాను, ఆ వేలి గోరు ఊడిపోయింది. దానికి మాత్రం నేను ఎన్నడూ బాధపడలేదు.

విచిత్రం ఏమిటంటే నా తల అత్త ఒళ్లోనే ఉంది. నీళ్లు తాగించింది, చెమట తుడిచింది, అదే నోటితో "ఇంకా కొట్టు, దిగనేదు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. నా మీద ప్రేమ లేక కొట్టించిందని రాస్తే నాకు సులువుగా ఉండేది, కానీ అది నిజం కాదు.

నాకు మూర్ఛ వచ్చి పళ్లు బిగుసుకున్నప్పుడు దానియేలు ఆగలేకపోయాడు. బరికె లాక్కుని గురువును గోడకేసి తోశాడు. తల్లి అడ్డం వచ్చింది.

"ఆస్పత్రికి తీసుకెల్తాను" అన్నాడు.

"తాడు ఇప్పితే గుంటని సంపేస్తాది. ఇప్పకు" అంది అత్త.

"ఇప్పను. కట్టే తీసుకెల్తాను."

తల్లి గడప మీద అడ్డంగా కూర్చుంది. దానియేలు ఆమెను రెండు చేతులతో ఎత్తి పక్కన కూలేశాడు. పుట్టి బుద్ధెరిగాక తల్లి మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. దుప్పటి డోలీ కట్టి, అడవి నుంచి వచ్చిన ఆ వేటగాళ్లే నన్ను భుజాన వేసుకున్నారు. నేను తన్నుతుంటే డోలీ ఊగి ఒకతను కాలుజారి పడ్డాడు. ఇంకో తాడుతో బిగించారు. వెనకాల అత్త, పిల్లను ఎత్తుకుని, కొడుకును తిడుతూ కొండ దిగింది. విరిగిన చెయ్యికి కట్టు కట్టించాలి కదా.

ఆస్పత్రి

ముంచింగిపుట్టు మిషన్ ఆస్పత్రి అంటే అప్పటికి పెంకుటి వరండా, రెండు వార్డులు. డాక్టరు వారంలో ఒకరోజు వచ్చేవాడు. మిగతా రోజుల్లో జబ్బు ముదిరితే పాడేరో, విశాఖపట్నమో పోవాలి. చాలామంది దారిలోనే పోయేవారు. ఆ ఏడే కొత్త ఏర్పాటు చేశారు. సర్కారు వాళ్లు కరెంటు, గది చూసుకున్నారు. మిషన్ వాళ్లు నర్సుల్ని ఇచ్చారు. పట్నంలోని ఒక పెద్దాస్పత్రి డాక్టర్లు తెరమీద ఉచితంగా చూస్తామన్నారు. ఆ డిష్షు, టీవీ, కెమెరా తగిలించిన మైక్రోస్కోపు ఆ జీపులో వచ్చినవే.

అయితే నా రాళ్ల పుణ్యమా అని అది బిగించడానికి వచ్చిన పట్నం టెక్నీషియను బెదిరిపోయాడు. రాళ్లేసి కొరికే ఊళ్లల్లో తాను ఉండనని, సామాను మళ్లీ జీపెక్కించమని పట్టుబట్టాడట. డ్రైవరు అప్పారావు నుదుటికి కుట్లు వేయించుకుని వచ్చి, జీపు తాళం పోయిందండి అన్నాడు. వెతుకుతున్నట్టు నటిస్తూ తిరిగాడు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఏ పనీ లేక, విసుగుపుట్టి, ఆ టెక్నీషియను డిష్షు బిగించాడు. తాళం అప్పారావు లోపలి జేబులోనే ఉంది.

నన్ను దింపగానే వరండాలో ఉన్నవాళ్లంతా లేచి దూరంగా జరిగారు. అప్పారావు వచ్చి నన్ను చూశాడు.

"ఈవిడేనండి నన్ను కొట్టింది. ముందు సేతుల్లో రాయుందేమో సూడండి" అన్నాడు. తర్వాత డోలీకర్ర ఒక కొస తనే పట్టుకుని లోపలికి మోశాడు.

కరుణమ్మ నా వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీసింది. కాసేపటికి దాన్ని అక్కడ కెమెరా కింద పెడితే విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ చూసింది. పట్నం పంపొద్దు, దారిలో పోతుంది, ఇప్పుడే ఇంజక్షను మొదలుపెట్టండి అంది. ఎంత వేయాలో, దేనికోసం కనిపెట్టుకుని ఉండాలో నర్సులకు చెబుతూ కూర్చుంది. లైను తెగిపోతే మళ్లీ కలిపేవారు. దేవుడి మీద ఒట్టు, ఆ రోజు నా ప్రాణం ఆ లైను మీద వేలాడింది.

నేను చేసిందేమిటంటే, సెలైను సూది పీకి పారేశాను. కరుణమ్మను కాలితో తన్నాను, ఆమె పెదవి పగిలింది. టీవీలోని మొహం "సువార్తా, నా వైపు చూడు, నాలుక చూపించు" అంటే తెర మీద ఉమ్మేశాను. డాక్టరమ్మ ఏమాత్రం చలించకుండా "మంచిది, వినబడుతోంది" అందట. ఆస్పత్రిలోనూ నన్ను కట్టేశారు. కాకపోతే తాడు కింద దూది పెట్టారు. కట్టేసే ప్రతిసారీ కరుణమ్మ "సూది ఊడకుండా కడతన్నానమ్మా" అని చెప్పేది. గుంజ దగ్గర ఎవరూ ఎందుకో చెప్పలేదు.

మే నెల

తెలివి వచ్చేసరికి చెవుల్లో హోరు. మందు వల్ల అలా ఉంటుందన్నారు. నోరు ఎండిపోయింది, ఒళ్లంతా బరికె వాతలు. మంచం పక్కన దానియేలు గడ్డంతో కూర్చుని ఉన్నాడు. పిల్లేదని అడిగాను. బాగుందన్నాడు. తీసుకురా అన్నాను. తల తిప్పుకున్నాడు.

రోజులు గడిచినా అదే మాట. చివరికి నేను పళ్లెం విసిరికొడితే చెప్పాడు. నేను ఏం చేశానో, ఆ చేయి ఎలా విరిగిందో చెప్పాడు. అత్త ఇదే ఆస్పత్రిలో పిల్లకు పిండికట్టు వేయించుకుని, నా మంచం వైపు రాకుండానే, పెదబయలు దగ్గర తన తమ్ముడి ఊరికి వెళ్లిపోయింది. "దాన్లో ఉన్నది ఇంకా ఎలిపోనేదు. గుంటని ఇయ్యను" అని చెప్పమందట.

కోపం జ్వరం కంటే ఎక్కువగా కాల్చింది. మంచం దిగి నడవగలిగితే పెదబయలు పోయి ఆమె జుట్టు పట్టుకుని పిల్లను లాక్కొద్దామని పథకాలు వేశాను. లాక్కోవడం అనే మాట దగ్గరికి రాగానే నా చేతుల్ని చూసుకునేదాన్ని. ఈ చేతులే కదా లాక్కున్నవి. అత్త చెప్పేది నిజమేమో, లోపల ఏదో మిగిలి ఉందేమో అని భయమేసేది. బైబిలు తెరిచేదాన్ని, అక్షరాలు కదిలేవి. జ్వరం తగ్గినవాళ్లకు ఇలాంటి భయం పట్టుకుంటుందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే నేను చెబుతున్నాను. పట్టుకుంటుంది. కొన్నాళ్లు ఉంటుంది. మీలో ఎవరో దూరి ఉండి కాదు.

దానియేలు రెండుసార్లు వెళ్లి తల్లితో గొడవపడి ఉత్త చేతులతో వచ్చాడు. మూడోసారి కరుణమ్మ వెళ్లింది. పగిలిన పెదవి ఇంకా మానలేదు, దాన్నే చూపించిందట. "నన్నూ కొట్టింది బుద్రమ్మా. నాను దాని పక్కనే ఉన్నాను. ఒకసారొచ్చి ఆ డాక్టరమ్మనే అడుగు" అంది.

అత్త వచ్చింది. పిల్లను తేలేదు. నా గదిలోకీ రాలేదు. టీవీ ఎదురుగా బల్ల మీద, తలమీద ముసుగు వేసుకుని కూర్చుంది. నన్ను గోడకవతల కుర్చీలో కూర్చోబెట్టారు. అన్నీ వినబడుతున్నాయి, తలుపు సందులోంచి కొంత కనబడుతోంది. డాక్టరమ్మ నా రక్తం బొమ్మ చూపించింది. ఎర్రటి కణాల్లో చిన్న చిన్న ఉంగరాలు.

"అయ్యేనేటి?" అంది అత్త.

"అవేనమ్మా. మలేరియా పురుగులు, దోమ కుట్టినప్పుడు ఎక్కాయి. మెదడులో నెత్తురు సరిగా పారకుండా చేశాయి. అందుకే మనిషి అలా అయిపోయింది."

"మా గురువు కొట్టింది ఈటినేనా?"

"కాదమ్మా. కొట్టింది మీ కోడల్ని."

అత్త బల్ల తెరవైపు జరుపుకున్న చప్పుడైంది. తర్వాత అత్త అడిగింది, "మళ్లీ వొస్తాయేటి?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. దోమ కుడితే రావచ్చని, మొదటి రోజే రక్తం చూపించి, మాత్రలు చివరిదాకా మింగితే ఇంతదాకా రాదని చెప్పింది. ఇప్పుడీ పరీక్ష ఇక్కడే జరుగుతుందని, ఎవరైనా రావచ్చని చెప్పింది. అంతా విని అత్త తన వేలు చాపింది.

"నాకు సూడండి. అదే ఇంట్లో పడుకున్నాను కదా" అంది. కరుణమ్మ పొడిచింది. అత్త లేచి, గుమ్మం దాకా పోయి, ఆగింది.

"గుంటకీ సూడాల. దానికీ దోమలు కుట్టినాయి" అంది.

నా మీద జాలిపడి కాదు, నన్ను క్షమించీ కాదు. పిల్ల కోసమే తెస్తానంది. అయితేనేం, నాకు అది చాలు.

మే ఆఖరు

మబ్బుపట్టిన ఓ రోజు అత్త పిల్లను తెచ్చింది. గ్రేసి చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా పిండికట్టులో ఉంది. నన్ను చూడగానే అత్త మెడలో మొహం దాచుకుని కెవ్వున ఏడ్చింది. రక్తం తీయడానికి కరుణమ్మ పట్టుకుంటే గింజుకుంది. అత్త పట్టుకున్నా ఆగలేదు. ఎవరు పట్టుకున్నా వేలు నిలవడంలేదు.

"నువ్వు పట్టు" అంది అత్త. నా వైపు చూడకుండానే అంది.

దానియేలు ఒకడుగు ముందుకు వేసి నా వెనక నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు తెలుసు. నేను నా చేతులు చీరకి తుడుచుకుని పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. కరుణమ్మ కుడిచేతి వేలు చటుక్కున పొడిచింది. గ్రేసి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, నా మొహంలోకి చూసి, ఎడమచేత్తో కొట్టింది. పిండికట్టు చెయ్యి అది. నేను విరిచిన చెయ్యి. ముక్కు మీద తగిలింది. మళ్లీ కొట్టింది, నుదుటి మీద. ఇంత పిల్లకి అంత బలం ఎక్కడిదో. కొడుతూనే ఉంది.

అత్త పిల్లను లాగబోయింది.

"ఉండనీ అత్తా. కొట్టనీ" అన్నాను.

నా ముక్కులోంచి నెత్తురు కారి తెల్లటి కట్టు మీద పడింది. గ్రేసి చెయ్యి ఆపి ఆ ఎరుపును చూసింది. దాని మొహం మారిపోయింది, కింది పెదవి వణికింది. భయమేసి ఎవరినో ఒకరిని పట్టుకోవాలి. అత్త ఉంది, తండ్రి ఉన్నాడు. కానీ అందరికంటే దగ్గరగా ఉన్నది నేను. రెండు చేతులూ నా మెడచుట్టూ వేసి, గట్టిగా పట్టుకుంది.